తోకకు పాత గాయమున్న ఇగ్వానా సంరక్షణ గురించి

ప్రశ్న (డాలస్ నుంచి): మేము పెంపకానికి తెచ్చుకున్న ఆకుపచ్చ ఇగ్వానాకు (బల్లి జాతికి చెందిన పెద్ద సరీసృపం) మునుపటి యజమాని దగ్గరే తోక తెగిందట. తిరిగి పెరిగిన భాగం ముదురు రంగులో, పొట్టిగా ఉంది. ఇటీవల కుబుసం విడిచినప్పుడు అక్కడ పాత చర్మం ఉంగరంలా బిగుసుకుపోయింది. దాన్ని లాగి తీయవచ్చా?

మొదటి జవాబు: దయచేసి లాగకండి. తిరిగి పెరిగిన తోకలో ఎముకకు బదులు మృదులాస్థి ఉంటుంది కనుక రంగు, పొలుసుల తీరు వేరుగా ఉండటం సహజమే; అయితే బిగుసుకున్న కుబుసం రక్తప్రసరణను అడ్డుకుంటే కొస చచ్చుబడిపోయే ప్రమాదం ఉంది. రోజూ 20 నిమిషాలు గోరువెచ్చని నీటిలో నాననిచ్చి, తడిగుడ్డతో మెల్లగా రుద్దండి. గూటిలో తేమ 70 శాతానికి దగ్గరగా ఉండాలి.

రెండవ జవాబు: కొస నల్లబడి, ఎండి గట్టిపడి, ఆ నలుపు పైకి పాకుతున్నట్లయితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా, సరీసృపాలకు చికిత్స చేసే పశువైద్యునికి వెంటనే చూపించండి, చచ్చిన భాగాన్ని తొలగించవలసి రావచ్చు. గూటిలోని యూవీబీ (అతినీలలోహిత కిరణాలిచ్చే) దీపం వెలుగుతూనే ఉన్నా దాని కిరణాల శక్తి క్రమంగా తగ్గుతుంది, కాబట్టి కనీసం ఏడాదికొకసారి మార్చండి.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ. నలుపు లేదు, కొసను తాకితే కదుపుతోంది. ఎత్తుకునేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మొదటి జవాబిచ్చినవారు: ఛాతీ కింద ఒక చేయి, వెనుక కాళ్ల కింద మరో చేయి ఉంచి ఎత్తండి. తోకను మాత్రం ఎవరూ పట్టుకోకూడదు.