క్వేసార్ శోషణ రేఖలకు కారణమైన గెలాక్సీ: దగ్గరిదే అనుకోవచ్చా?

వేకువచుక్క:
స్లోన్ సర్వేలోని (ఆకాశాన్ని విస్తారంగా చిత్రించి వర్ణపటాలు తీసే సర్వే) ఒక క్వేసార్ (సుదూర గెలాక్సీ యొక్క అతి ప్రకాశవంతమైన కేంద్రం) వర్ణపటంలో 4194.5, 4205.3 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద సన్నని జంట శోషణ రేఖలు (దారిలోని వాయువు కాంతిని పీల్చుకున్న చోట ఏర్పడే గీతలు) కనిపించాయి. వాటి నిష్పత్తి మెగ్నీషియం జంట రేఖల (2796.35, 2803.53) నిష్పత్తికి సరిపోయింది. 3880, 3900 దగ్గర ఇనుము రేఖలు కూడా ఉన్నందున ఆ వాయువు రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల తరంగదైర్ఘ్యం ఎంత పెరిగిందో చెప్పే కొలత, దూరానికి సూచిక) 0.5 అని నిర్ధారించుకున్నాను. చిత్రంలో క్వేసార్‌కు 4 ఆర్క్‌సెకండ్ల (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు కోణం) దూరంలో మసక గెలాక్సీ ఒకటి, 10 ఆర్క్‌సెకండ్ల దూరంలో ప్రకాశవంతమైనది మరొకటి ఉన్నాయి. దగ్గరిదాన్నే కారణంగా తీసుకోవచ్చా?

రేఖాన్వేషి:
తీసుకోకూడదండీ. ఆ రెడ్‌షిఫ్ట్ వద్ద ఒక ఆర్క్‌సెకండ్ అంటే దాదాపు 20,000 కాంతి సంవత్సరాలు కనుక, మీ రెండు గెలాక్సీలూ అక్కడే ఉన్నాయనుకుంటే, క్వేసార్ కాంతి వచ్చే దారికి 80,000, 2 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటాయి. గెలాక్సీల చుట్టూ విస్తరించిన వాయువే ఈ రేఖలకు మూలమని ఖగోళ శాస్త్రవేత్తలు బాకాల్, స్పిట్జర్ 1969లోనే ప్రతిపాదించారు కాబట్టి, రెండో దూరం కూడా అసాధ్యమేమీ కాదు. అసలు ఆ రెండూ 0.5 వద్దే ఉన్నాయని ఏమిటి ఆధారం? రంగులను బట్టి అంచనా వేసిన రెడ్‌షిఫ్ట్‌లో 0.05 తేడా ఉన్నా, అది సెకనుకు సుమారు 10,000 కిలోమీటర్ల వేగానికి సమానం. గెలాక్సీ వాయువు కదలికలు సెకనుకు వందల కిలోమీటర్లలోనే ఉంటాయి, కాబట్టి రంగుల అంచనా చాలదు. గెలాక్సీ సొంత వర్ణపటంలో, 5593 ఆంగ్‌స్ట్రామ్‌ల ప్రాంతంలో ఆక్సిజన్ ఉద్గార రేఖ (వాయువు వెలువరించే కాంతి గీత) దొరకాలి. 1986 నుంచి ఖగోళ శాస్త్రవేత్త బెర్జెరాన్, తరువాత 1991లో ఆమె బ్వాసేతో కలిసి, ఇలా వర్ణపటాలతో సరిచూసే గెలాక్సీలను గుర్తించారు.

నిశిదృష్టి:
నా అనుభవం కూడా చెబుతాను. కంటికి నచ్చిన పెద్ద గెలాక్సీనే ఒకప్పుడు కారణంగా రాసుకున్నాను. వర్ణపటం వచ్చాక అది ఎంతో ముందున్నదని తేలింది. అసలు గెలాక్సీ క్వేసార్ వెలుగులోనే మునిగి ఉండవచ్చు, అందుకే క్వేసార్ రూపాన్ని చిత్రం నుంచి తీసివేసి చూడాలి. చిలీలోని మ్యూస్ పరికరం ఒక ఆర్క్‌మినిట్ వెడల్పులో ప్రతి బిందువుకూ వర్ణపటం ఇస్తుంది గనుక ఈ పనికి వరం లాంటిది, కాకపోతే ఒకే రెడ్‌షిఫ్ట్‌లో రెండు మూడు గెలాక్సీలు బయటపడి కొత్త చిక్కు తెస్తుంది. మరొక మాట: స్లోన్ తరంగదైర్ఘ్యాలు శూన్యానికి సంబంధించినవి, గాలిలోని విలువలతో పోలిస్తే సెకనుకు 90 కిలోమీటర్ల వరకు తప్పుతారు, నేను తప్పాను.

రేఖాన్వేషి:
నిశిదృష్టి గారు చెప్పిన వెలుగు సమస్యకు ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. పాత స్లోన్ ఫైబర్ (కాంతిని వర్ణపట పరికరానికి చేరవేసే గాజు తీగ) ఆకాశంలో చూసే వృత్తం వ్యాసం 3 ఆర్క్‌సెకండ్లు. క్వేసార్ వర్ణపటంలోనే 5593 వద్ద చిన్న ఉద్గార రేఖ కనిపిస్తే, ఫైబర్ పరిధిలోనే గెలాక్సీ దాగి ఉందని భావించవచ్చు.

వేకువచుక్క:
చూశానండీ, 5593 వద్ద ఏమీ లేదు. ప్రకాశవంతమైన గెలాక్సీకి సర్వేలోనే వర్ణపటం దొరికింది. దాని రెడ్‌షిఫ్ట్ 0.31, కనుక దానిని తొలగించాను. మసక గెలాక్సీకి వర్ణపటం లేదు. దానిని ప్రస్తుతానికి ‘అనుమానిత’ గడిలోనే ఉంచుతున్నాను.