హొనొలులు నుంచి మావీ: వంద మైళ్లకు 40 నిమిషాలా?

ప్రశ్న:
వచ్చే నెల అమ్మను తీసుకుని హవాయి వెళ్తున్నాం. లాస్ ఏంజెలెస్ నుంచి హొనొలులు, అక్కడ విమానం మారి మావీ దీవిలోని కహులుయి. ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 100 మైళ్లే, అంటే 160 కిలోమీటర్ల పైచిలుకు. జెట్ గంటకు 500 మైళ్లు పోతుందంటారు, ఆ లెక్కన 12 నిమిషాలు చాలాలి. టికెట్ మీద మాత్రం 40 నిమిషాలని ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. సీట్లో ఎంతసేపు కూర్చోవాలో ముందే చెబితే టెన్షన్ పడదు. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నాం, మధ్యలో గంటన్నర ఉంది. సరిపోతుందా? పోనీ పడవలో వెళ్లొచ్చా?

జవాబు:
టికెట్ మీద వేసేది ఇక్కడి గేటు నుంచి అక్కడి గేటు దాకా పట్టే సమయం. గాల్లో ఉండేది 20, 25 నిమిషాలే. 500 మైళ్లన్నది బాగా పైకి వెళ్లి నిలకడగా ఎగిరేటప్పటి వేగం. ఇక్కడ పైకి చేరీ చేరకముందే దిగడం మొదలవుతుంది. పైగా 10,000 అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదని అమెరికాలో రూలు.

దారి కూడా తిన్నగా ఉండదు. అక్కడ చాలా రోజులు ఈశాన్యపు గాలి వీస్తుంది. గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి మావీకి దక్షిణంగా చుట్టి, రెండు కొండల నడుమ నుంచి ఉత్తరానికి వస్తారు. కుడివైపు కనిపించేది హలేయకాలా, 10,023 అడుగులు. ఆ దృశ్యం కోసమైనా అమ్మగారికి కిటికీ సీటు ఇవ్వండి. పడవ ఆశ వదిలేయండి, హొనొలులు నుంచి మావీకి నడిచిన ఫెర్రీ 2009లోనే ఆగిపోయింది.

ఇంకో జవాబు:
గంటన్నర చాలదండీ. మేమూ ఇలాగే విడి టికెట్లు కొన్నాం. నాన్నగారికి వీల్‌చెయిర్ కావడంతో అందరూ దిగాకే మమ్మల్ని దింపారు. బ్యాగులు తీసుకుని, మళ్లీ చెకిన్ చేసి, సెక్యూరిటీ దాటేసరికి మా విమానం వెళ్లిపోయింది. కొత్త టికెట్లకు మళ్లీ డబ్బు కట్టాం. ఆయన ఆ రోజు పడ్డ అవస్థ ఇప్పటికీ మర్చిపోలేను. మూడు గంటలు పెట్టుకోండి, లేదా రెండూ ఒకే టికెట్ మీద తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు, తిరిగొచ్చాక:
మీ మాట విని మూడు గంటల తర్వాతి విమానానికి మార్చుకున్నాం. బ్యాగులు మళ్లీ ఇచ్చి గేటుకు చేరేసరికే గంటా నలభై నిమిషాలు పట్టింది. 4:05కి గేటు వదిలాం, 4:19కి నేల విడిచింది, 4:42కి దిగింది, 4:48కి గేటు. అంటే గాల్లో 23 నిమిషాలు. అమ్మ జ్యూస్ కప్పు మూత తీసి తాగేలోపే కప్పులు వెనక్కి తీసుకోవడానికి వచ్చేశారు. హొనొలులులో విమానం పైకి లేచేటప్పుడు వైకీకీ బీచ్, డైమండ్ హెడ్ కొండ ఎడమవైపు కనిపించాయి. హలేయకాలా కోసం తిరిగి కుడివైపు చూడాల్సి వచ్చింది, పైన మబ్బు కప్పేసి ఉంది.