బీవర్ చేసే పనిని మన చెరువుల్లో ఎవరు చేయాలి?

ప్రశ్న: బ్రిటన్‌లో బొచ్చు కోసం వేటాడి సుమారు 400 ఏళ్ల క్రితం అంతం చేసిన బీవర్లను (వాగులకు అడ్డుకట్టలు కట్టే జంతువులను) 2009లో స్కాట్లాండ్‌లోని నాప్‌డేల్ అడవుల్లో ప్రయోగాత్మకంగా వదిలారు. వాటి కట్టల వెనుక నిలిచిన నీటిలో కప్పలు, తూనీగలు చేరతాయని చదివాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించిన మా అమీన్‌పూర్ చెరువు లాంటి చోట్ల ఆ పని చేయగల జీవి ఏదైనా ఉందా?

జవాబు 1: బీవర్ మన దేశపు జంతువు కాదు కనుక తెచ్చి వదలడం సరికాదు. కొందరు నీటికుక్కను చూసి అదే అనుకుంటారు గానీ, ఇది చేపలు తింటుందే తప్ప కట్టలు కట్టదు. బీవర్ బెరడు, ఆకులు తిని, కొరికిన కొమ్మలకు బురద మెత్తి వాగు వేగాన్ని తగ్గిస్తుంది. తెలంగాణలో ఆ పని మనుషులే చేశారు. ఒక చెరువు అలుగు దూకిన నీరు కాలువ ద్వారా కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా కట్టారు. ముందుగా, పూడిపోయిన ఆ కాలువలను వెతకాలి.

జవాబు 2: ఒప్పుకుంటాను. అయితే ఒడ్డును కూడా గుర్తుంచుకోండి. మా కాలనీ చెరువుకు సుందరీకరణ పేరిట చుట్టూ రాతిగోడ కట్టి, జమ్మునంతా పీకేశారు. నడకదారి బాగానే ఉంది, నేనూ రోజూ నడుస్తాను. కానీ ఆ జమ్ములో గూళ్లు పెట్టే నీటికోళ్లు మరుసటి వానాకాలం రాలేదు.

ప్రశ్న అడిగినవారు: మా వైపు ఒడ్డున జమ్ము ఇంకా మిగిలి ఉంది. ఈ ఆదివారం అలుగు నుంచి కాలువ వెంట నడిచి చూస్తాను.