అరీనా ఇసుక చదునుకు గ్రూమర్ కొనాలా, ఇంట్లో ఉన్న కల్టివేటర్ చాలదా?

హసన్‌పర్తి లాయం

అందరికీ నమస్తే. హసన్‌పర్తి దగ్గర మా పొలంలో చిన్న రైడింగ్ స్కూల్ నడుపుతున్నాం. గుర్రాలు తిప్పే ఇసుక మైదానం, అంటే అరీనా, 20×40 మీటర్లు. కింద ఎర్రమొరం పోసి రోడ్డు రోలర్‌తో తొక్కించాం, దాని మీద మూడంగుళాల ఇసుక. గుర్రాల్లో రెండు మలక్‌పేటలో రేసులు మానేశాక వచ్చినవి, మిగతావి మార్వారీలు.

సాయంత్రం పిల్లల బ్యాచ్ అయిపోయేసరికి రెయిలింగ్ పొడవునా దారి గుంట పడిపోతుంది. అక్కడి ఇసుకంతా రెయిలింగ్ కిందికి జరిగి కట్టలా పేరుకుంటుంది. మధ్యలో ఎవరూ తొక్కరు కాబట్టి అక్కడ మాత్రం వదులుగా ఉంటుంది. ఇన్నాళ్లూ పనివాళ్లు పారలతో లోపలికి లాగుతున్నారు. ఎండలు ముదిరితే వాళ్లు రామంటున్నారు.

ఇప్పుడు ఇంట్లో గొడవేంటంటే, 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్, దాని వెనక అరీనా గ్రూమర్ కొనాలని నా ఆలోచన. ముందు పళ్లు, మధ్యలో లెవెలింగ్ బ్లేడు, వెనక జాలీ రోలర్ ఉన్న రకం. మా బావ మాత్రం ఉన్న 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి తొమ్మిది పళ్ల కల్టివేటర్ తగిలించి, వెనక ఒక దుంగ కట్టి లాగితే సరిపోతుందంటాడు. "గుర్రమేమైనా పట్టు పరుపు అడిగిందా" అని ఎత్తిపొడుపు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చెల్క రైతు

మీ బావ చెప్పిందే రైటు తమ్ముడూ. నేల ఏదైనా నేలే. మేము ఎకరాలకు ఎకరాలు చదును చేస్తాం, మీది గట్టిగా చూస్తే ఐదో వంతు ఎకరం. దానికి లక్షలు పోసి బయటి మిషన్ ఎందుకు? ఇంకా మెత్తగా కావాలంటే రోటవేటర్‌తో ఒక్క సాలు కొట్టించు, పిండి అయిపోతది.

పాత సైస్

రోటవేటర్ మాట మాత్రం ఎత్తకండన్నా. పైన ఇసుక మూడంగుళాలే. రోటవేటర్ బ్లేడు ఐదారు అంగుళాలు దిగుతుంది. అంటే కింద రోలర్‌తో తొక్కించిన మొరాన్ని పైకి లేపి ఇసుకలో కలిపేస్తుంది. ఒకసారి కలిసిందంటే విడదీయడం మన తరం కాదు. వానొస్తే జారుడు, ఎండొస్తే గచ్చు. నేను పనిచేసిన ఒక చోట అలాగే చేయించారు. చివరికి మొత్తం ఎత్తిపోసి బేస్ మళ్లీ వేయాల్సి వచ్చింది. పొలంలో కింది మట్టి పైకి రావాలి, అరీనాలో రాకూడదు. మీరు ఎకరాలు దున్నిన అనుభవం ఇక్కడ తిరగబడేది అక్కడే.

చెల్క రైతు

సరే, రోటవేటర్ వద్దు. కల్టివేటర్‌తో ఏం నష్టం? పైపైన పట్టుకుంటే సరి.

పశువుల డాక్టరమ్మ

పైపైన ఎంత అన్నదే అసలు విషయం సార్. ఇసుక లోతుగా, వదులుగా ఉంటే అడుగు అడుగుకీ గిట్ట దిగబడుతుంది, గుర్రం ఊడదీసుకుని నడవాలి. ముందుకాళ్ల వెనక ఉండే టెండన్లు (కండను ఎముకకు కలిపే పట్టీలు), వాటి పక్కన సస్పెన్సరీ లిగమెంట్ (కాలి కింది కీలును మోసే పట్టీ) అలసి దెబ్బతింటాయి. మరీ గట్టిగా ఉంటే దెబ్బ ఎముకకీ కీలుకీ పోతుంది. ఈ రెండింటికన్నా చెడ్డది, ఒక అడుగు గట్టిగా, పక్క అడుగు మెత్తగా ఉండటం. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య 2014లో అరీనా నేలల మీద ఒక పెద్ద పత్రం ఇచ్చింది. గట్టిదనం, కుషన్, స్ప్రింగ్, పట్టుతో పాటు అంతా ఒకేలా ఉండటం కూడా అందులో కొలవాల్సిన గుణమే. మీ రేసు గుర్రాలకు పాత దెబ్బలు ఉండే ఉంటాయి, వాటిని దృష్టిలో పెట్టుకోండి. రైడింగ్ అయ్యాక ముందుకాళ్ల టెండన్ల మీద చెయ్యి పెట్టి చూడండి. ఒక కాలు వేడిగా తగిలితే సవారీ ఆపేయండి, నేల సంగతి తర్వాత.

కాజీపేట వెల్డింగ్

కల్టివేటర్ ఎందుకు కుదరదో నేను చెప్తా. దాని పళ్ల మధ్య ఎడం దాదాపు తొమ్మిది అంగుళాలు. ఇసుకలో లాగితే సాళ్లు పడతాయి, చదును కాదు. దుంగ కడితే పైన గీతలు చెరిగిపోతాయి గానీ కింద గట్టి, మెత్త, గట్టి అలాగే ఉంటాయి. డాక్టరమ్మ గారు చెప్పింది అదే.

ఇంకో సంగతి. ట్రాక్టర్ లింకేజీకి బిగించిన పనిముట్టు ట్రాక్టర్‌తో పాటు ఊగుతుంది. ముందు టైరు గుంటలో దిగితే వెనక పళ్లు పైకి లేస్తాయి, టైరు గట్టెక్కితే పళ్లు బేస్‌లో దిగుతాయి. అలా తిరిగిన కొద్దీ అరీనా అలలు అలలుగా తయారవుతుంది. పొలంలో ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ గుర్రం పట్టించుకుంటుంది.

అలాగని బయటి గ్రూమర్ కొనమని కూడా చెప్పను. ఆరడుగుల వెడల్పు ఫ్రేము, 65 ఎంఎం యాంగిల్‌తో చేయించండి. మూడు వరుసల్లో 16 ఎంఎం రాడ్ పళ్లు, ఒక వరుస పన్ను ఇంకో వరుస సందులోకి వచ్చేలా. వాటి వెనక అడ్డంగా ఒక యాంగిల్, అంచు కిందికి. అది ఎత్తులోని ఇసుకను ముందుకు తోసుకుంటూ పోయి గుంటలో వదులుతుంది. ఆ వెనక ఫెన్సింగ్ జాలీ ముక్క. ముఖ్యమైనది రెండు పక్కలా చక్రాలు, వాటికి స్క్రూ జాకీ. లోతు నిర్ణయించేది ఆ చక్రాలే, ట్రాక్టర్ కాదు. ట్రాక్టర్‌కి ఒకే పిన్నుతో తగిలించి లాగాలి. ఏ ట్రాక్టర్ పనిముట్ల షెడ్డులోనైనా చేస్తారు.

బరువు కోసం రైలు పట్టా ముక్క పెడదామని ఇక్కడ చాలామంది అడుగుతారు. కాజీపేట కదా, దొరుకుతుందనుకుంటారు. రైల్వే ఆస్తి దగ్గర పెట్టుకుంటే 1966 చట్టం కింద కేసు. ఇసుక బస్తా పెట్టుకోండి, చాలు.

గ్రూమర్ వాడుతున్నాం

వెల్డింగ్ అన్న చెప్పిన డిజైన్ బాగుంది, కానీ రెండు చోట్ల కుదరదు. ఒకటి, రెయిలింగ్ కింద పేరుకున్న ఇసుక. ట్రాక్టర్ టైరు రెయిలింగ్‌కి అంత దగ్గరగా పోదు. గ్రూమర్‌కి పక్కకి చాచే బ్లేడు ఉంటుంది, అది ఆ కట్టను తవ్వి లోపలికి తెస్తుంది. అది లేకపోతే రోజూ మళ్లీ పారే. ఇసుకంతా అంచుకు పోయి దారి గుంట పడటమే కదా అసలు సమస్య! రెండు, వెనక జాలీ రోలర్. వదులు చేసిన ఇసుకను అది కాస్త అదిమి వదులుతుంది. ఫెన్సింగ్ జాలీ పైన దువ్వుతుంది, అంతే.

మినీ ట్రాక్టర్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 45 హెచ్‌పీది రెండు టన్నులకు దగ్గర బరువు, పెద్ద గట్ల టైర్లు. తడి ఇసుకలో మలుపు తిరిగితే ఆ గట్లే బేస్‌ని గీకుతాయి. చిన్నవి చాలావరకు టన్ను లోపే. గట్లు లేని టైర్లు వేయించుకోవచ్చు.

కాజీపేట వెల్డింగ్

పక్క బ్లేడు ఐడియా బాగుంది. ఫ్రేముకి మడత పెట్టే రెక్క వెల్డ్ చేసి పిన్ను పెడితే అదే పని చేస్తుంది. దానికి లక్షలు అక్కర్లేదు.

గ్రూమర్ వాడుతున్నాం

చేస్తుంది, ఆ పిన్ను వంగేదాకా. రెయిలింగ్ పోలుకు రెక్క తగిలితే కొన్న మిషన్లో స్ప్రింగ్ వెనక్కి మడుస్తుంది. మీదాంట్లో పోలు వంగుతుంది.

సివిల్ బాబు

మీరంతా పనిముట్టు గురించి కొట్లాడుకుంటున్నారు, నీళ్ల లెక్క ఎవరూ వేయలేదు. అరీనా 800 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి ఒక మిల్లీమీటర్ నీళ్లంటే ఒక లీటరు. 5,000 లీటర్ల ట్యాంకర్ మొత్తం పోస్తే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు పడుతుంది. వరంగల్ మే నెల ఎండకి అది ఎంతసేపు నిలుస్తుందో మీకే తెలుసు. పొడి ఇసుకను ఏ పనిముట్టుతో దువ్వినా దుమ్ము లేస్తుంది తప్ప కుదురుకోదు. బోరు ఉంటే మొదట ఒక రెయిన్ గన్ పెట్టండి, మక్క చేలకు వాడేదే. రాత్రి తడిపి, తెల్లారి నీళ్లు లోపలికి దిగాక డ్రాగ్ (ఇసుక మీద లాగే ఆ పళ్ల ఫ్రేము) వేయండి.

ఇసుక ఏదో కూడా చెప్పలేదు. మానేరు, గోదావరి ఇసుక నీళ్లలో దొర్లి గింజ గుండ్రపడి ఉంటుంది. కాలు వేస్తే కింద దొర్లుతుంది, పట్టు ఉండదు. గ్రానైట్ క్రషర్ల ఎం-శాండ్ గింజకు మూలలుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కాకపోతే కడగనిదైతే దుమ్ము ఎక్కువ. కడిగినదే అడగండి. 800 మీటర్ల మీద 7.5 సెంటీమీటర్లంటే 60 ఘనమీటర్లు, దాదాపు 2,100 ఘనపుటడుగులు. 100 అడుగుల ట్రాక్టర్ ట్రిప్పులైతే 21. తప్పు ఇసుక పోసి ఇంత మొత్తం ఎత్తిపోయడం మాటలు కాదు.

చెల్క రైతు

రామప్ప గుడి పునాదిలో కూడా ఇసుకే కదా సారూ, ఎనిమిది వందల ఏళ్లు నిలబడింది. మన ఇసుకకి వంక పెడతారేం?

సివిల్ బాబు

అన్నా, 1213 నాటి ఆ పునాదిలో ఇసుకను గుంటలో బిగించి పెట్టారు, పక్కకి పోయే దారి లేదు. దాని మీద గుర్రం మలుపు తిరగదు. ఇక్కడ ఇసుక పక్కకి పోవడమే కదా తమ్ముడి బాధ.

పాత సైస్

లెవెల్ గురించి ఒక మాట. కొందరు పొలాలకు వాడే లేజర్ లెవెలర్ అద్దెకు తెచ్చి ఏడాదికోసారి ఇసుక మీద తిప్పిస్తున్నారు. అది బేస్ వేసేటప్పుడు పనికొచ్చేది. అప్పుడు ఒకటి రెండు శాతం వాలు పెట్టించుకోవాలి. 20 మీటర్ల వెడల్పుకి ఒక శాతమంటే ఇటు నుంచి అటు 20 సెంటీమీటర్లు. కింద బేస్ వంకరగా ఉండి పైన ఇసుక మాత్రం లేజర్‌తో చదును చేస్తే ఒక మూల రెండంగుళాలు, ఇంకో మూల ఐదు. కంటికి చాప పరిచినట్టే ఉంటుంది.

అందుకే ఏది కొన్నా కొనకపోయినా ఒక సన్న ఇనుప రాడ్ పెట్టుకోండి. మూడంగుళాల దగ్గర ఎర్ర పెయింట్ గీత. నాలుగు మూలలా, రెయిలింగ్ దారిలో, మధ్యలో, దూకించే పోల్స్ ముందు గుచ్చి చూడండి. గట్టిగా తగిలి ఆగిందంటే బేస్. గీత పైకి కనిపిస్తే ఇసుక తక్కువ, మునిగితే ఎక్కువ. పళ్లు ఆ బేస్‌కి కనీసం అంగుళం పైన ఆగాలి.

హసన్‌పర్తి లాయం

అందరికీ థాంక్స్. రాడ్ పొద్దున గుచ్చి చూశాం. రెయిలింగ్ దారిలో అంగుళం పైన కొంచెం, మధ్యలో నాలుగు. బావ మొదట నవ్వాడు, తర్వాత రాడ్ ఆయనే లాక్కుని అన్ని మూలలూ గుచ్చాడు. ఇప్పుడు కల్టివేటర్ మాట ఎత్తడం లేదు గానీ గ్రూమర్ మాట నన్నూ ఎత్తనివ్వడం లేదు.

మొదట రెయిన్ గన్. వెల్డింగ్ అన్న చెప్పిన డ్రాగ్ చక్రాలతో సహా చేయిస్తాం, పక్క రెక్కకి స్ప్రింగ్ పెట్టించి. మినీ ట్రాక్టర్ కొనే ముందు అద్దెకు తెచ్చి చూస్తాం. ఇంకో డౌట్: ఉప్పు చల్లితే తేమ నిలుస్తుందని ఎవరో చెప్పారు, నిజమేనా? వానాకాలంలో రోజూ డ్రాగ్ వేయాలా?

గ్రూమర్ వాడుతున్నాం

స్ప్రింగ్ పెట్టిస్తే సగం గ్రూమర్ అయినట్టే. మిగతా సగం ధర ఏడాది తర్వాత మాట్లాడుకుందాం.

మెగ్నీషియం క్లోరైడ్ అనే ఉప్పు చల్లేవాళ్లు ఉన్నారు. అది గాలిలోని తేమను లాగుతుంది. మన ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో లాగడానికి ఏముంది? పైగా ఇనుము తుప్పు పడుతుంది, గిట్టలు ఎండిపోతాయి, మొదటి పెద్ద వానకి కొట్టుకుపోతుంది. ఆ డబ్బు బోరు మోటారు మీద పెట్టండి.

పాత సైస్

లద్దె పడ్డప్పుడే ఎత్తేయించండి. డ్రాగ్ కింద పడి నలిగితే ఇసుకలో కలిసి మట్టి అవుతుంది, నీళ్లు దిగనివ్వదు. పల్లేరు తీగ అంచుల్లో కనిపిస్తే కాయ కాయకముందే పీకించండి. జాలీ దాన్ని అరీనా అంతా మోసుకెళ్తుంది.

వానాకాలంలో రోజూ వద్దు. మబ్బు పట్టిందంటే పళ్లు పైకెత్తి, యాంగిల్ అంచు ఒక్కటే ఆనించి మీద మీద లాగి వదిలేయండి. పైపొర మూసుకుంటే చాలా నీళ్లు వాలు వెంట బయటికి పోతాయి. పళ్లతో దువ్వి వదిలితే అన్నీ లోపలే తాగుతుంది. వాన వెలిశాక నీళ్లు నిలిచినంతసేపు ట్రాక్టర్ గేటు దాటనివ్వకండి, మినీ అయినా సరే. తిప్పేటప్పుడు ఈ రోజు పొడుగునా, రేపు అడ్డంగా, ఎల్లుండి గుండ్రంగా మార్చండి. మలుపుల దగ్గర నిదానంగా, లేకపోతే ఇసుకంతా మూలలకి మోస్తారు.

చెల్క రైతు

ఇన్ని చెప్పారు, మంచిదే. మా దగ్గర ఎడ్ల గుంటుక ఒకటి మూలన పడి ఉంది. గుర్రాలకే కట్టి లాగిస్తే డీజిలూ మిగులుతది, ట్రాక్టర్ బరువు గొడవా ఉండదు. ఎవరన్నా చేశారా?

పశువుల డాక్టరమ్మ

బండి లాగడం నేర్పిన గుర్రమైతే చేయొచ్చు సార్, మెడపట్టీ దానికి సరిపడాలి, ఎడ్ల కాడి కాదు. రేసు గుర్రానికి మాత్రం కట్టకండి. వెనక ఇనుము గలగలమంటే అది రెయిలింగ్ దూకి హసన్‌పర్తి చెరువు దాకా ఆగదు.