పచ్చళ్ల షాపు సైటులో తెలుగు: బొమ్మగా పెట్టాలా, టెక్స్టుగానా?

కృష్ణాకాలువ:
గుంటూరులో ఒక పచ్చళ్ల షాపుకు సైటు కావాలి. 14 రకాలు, ఒక్కోటి పావుకిలో, అరకిలో, కిలో ప్యాకింగుల్లో. షాపువాళ్ల కరపత్రం ప్రెస్సువాళ్లు వాడే పాత 'అను' తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసింది. చూడ్డానికి బాగుంది. ఆ అక్షరాలే సైటులో కనపడాలని ఓనరు పట్టు. కానీ ఆ టెక్స్టు కాపీ చేసి బ్రౌజర్లో వేస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తున్నాయి. పేజీలన్నీ జేపీజీలు చేసి పెట్టేస్తే ఒక్క రోజు పని, యూనికోడ్‌లో (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల కోడ్) మళ్లీ కొట్టాలంటే వారం. బొమ్మలు పెడితే నిజంగా నష్టమా, లేక ఇది వెబ్ వాళ్ల చాదస్తమా?

వెబ్‌కూలీ:
నష్టమేనండీ, లెక్కేసి చూడండి. కరపత్రాన్ని 1080 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ చేశారనుకుందాం. చాలా ఫోన్లలో బ్రౌజరు లెక్కన తెర వెడల్పు 360 చుట్టూ ఉంటుంది. అంటే బొమ్మ మూడో వంతుకు కుదించుకుపోతుంది. అందులో 24 సైజులో ఉన్న ధర తెర మీద 8 అవుతుంది. పెద్దది చేసి, పక్కకు జరుపుకుంటూ చదివే ఓపిక ఊరగాయ కొనడానికొచ్చినవాళ్లకు ఉండదు.

ఇక బరువు. తెలుగులో అక్షరమైనా గుణింతపు గుర్తైనా యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను ఫైల్లో దాచే పద్ధతి) 3 బైట్లు. వెయ్యి గుర్తుల వివరణ 3 కేబీ. అదే వివరణను స్పష్టంగా చదవగలిగేలా జేపీజీ చేస్తే 100 కేబీ సులువుగా దాటుతుంది. క్వాలిటీ తగ్గిద్దామంటే అక్షరాల అంచుల చుట్టూ మురికి పడుతుంది.

ఎర్రమిర్చి రేటు పెరిగి కిలో మీద 20 రూపాయలు పెంచాలంటే ప్రతిసారీ మీ దగ్గరికే రావాలి. బొమ్మలో ఒక ధర, కార్టులో ఇంకో ధర కనపడిన రోజున ఫోన్లు మొదలవుతాయి.

కాపీ చేస్తే పాడవడానికి కారణం ఇదీ: అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, కొమ్ములు, వత్తులు ముక్కలుగా కూర్చి ఉంటాయి. ఫాంటు తొలగగానే కిందున్నది బయటపడుతుంది. కంప్యూటరు దృష్టిలో అది మొదట్నుంచీ ఇంగ్లీషే.

ప్రింటుపంతులు:
లెక్కలు సరే, మరి అందం సంగతో? ఉచిత ఫాంట్లలో శీర్షికకు పనికొచ్చేవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రామభద్ర, ఎన్టీఆర్, మల్లన్న: ఒక్కోదానికి ఒక్కటే మందం. బోల్డ్ పెడితే బ్రౌజరు దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. ఘ, ఝల కడుపులు పూడిపోతాయి, వత్తు పోయి పై అక్షరానికి అతుక్కుంటుంది. కరపత్రం, షాపు బోర్డు, డబ్బా మీద లేబులు మూడూ ఒకే రాతలో ఉంటేనే షాపు గుర్తుంటుంది. సైటు ఒక్కటీ వేరే రాతలో ఉంటే, ఇది ఆ షాపేనా అని అనుమానిస్తారు.

యూనికోడ్ వాళ్లేమన్నా తక్కువ తిన్నారా? ఫోటోషాప్‌లో పేస్టు చేసి, "రాష్‌ట్‌రం" అని విరిగిపోయిన బ్యానరును కళ్లు మూసుకుని ఎక్కిస్తున్నారు. దానికన్నా తప్పుల్లేని బొమ్మ వెయ్యి రెట్లు నయం.

గుడిదీర్ఘం:
పంతులు గారూ, దొంగ బోల్డ్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. విరుగుడు ఫాంటు ఎంపికలోనే ఉంది. నోటో సాన్స్ తెలుగు మందం 100 (సన్నం) నుంచి 900 (బాగా లావు) దాకా ఉంది. హింద్ గుంటూరుకు 300 నుంచి 700 దాకా ఐదు మందాలు. అనెక్ తెలుగుకు మందంతో పాటు వెడల్పు కూడా మారుతుంది, ఇరుకు చోట్ల అది బాగా ఆదుకుంటుంది. రామభద్రే కావాలంటే శీర్షికకు వెయిట్ (మందం) 400 అని స్పష్టంగా రాయండి. హెచ్1, హెచ్2లకు (శీర్షికల ట్యాగులు) బ్రౌజరు తనంతట తానే బోల్డ్ వేస్తుంది, దొంగ బోల్డ్ ఎక్కువగా అక్కడే పుడుతుంది.

ఫోటోషాప్ విరుపుకూ మందుంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద టెక్స్ట్ ఇంజన్ మార్చాలి. పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్, ఆ తర్వాతివాటిలో వరల్డ్-రెడీ. మార్చాక కొత్త ఫైలు తెరిచి చూడండి.

అసలు గొడవంతా ఇంగ్లీషు కోసం చేసిన థీముల్లో (రెడీమేడ్ సైటు డిజైన్లు) తెలుగు పోయడం వల్ల. ఆ థీముల్లో శీర్షికల లైన్ హైట్ (లైను ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1.1, 1.2 ఉంటుంది. శీర్షిక రెండు లైన్లయితే పై లైను వత్తులు కింది లైను గుడులను గుద్దుకుంటాయి. 1.4 పెట్టండి. చదివే టెక్స్టుకు సైజు 18, లైన్ హైట్ 1.7. లెటర్ స్పేసింగ్ సున్నా. జస్టిఫై వద్దు: మన మాటలు పొడుగు, ఫోన్ తెర మీద లైనుకు మూడు మాటలు పడితే మధ్యలో గోతులు కనపడతాయి. బటన్లకు ఎత్తు 36 అని బిగించి ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటిన భాగాన్ని దాచే సెట్టింగు) పెట్టి ఉంటే వత్తు సగానికి తెగుతుంది. ఎత్తు తీసేసి పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వండి. పరీక్షకు "శ్రీ, రాష్ట్రం, స్త్రీ, జ్యోత్స్న, కర్ఫ్యూ" అని ప్రతి బటన్లోనూ శీర్షికలోనూ వేసి చూస్తే ఎక్కడ తెగుతుందో తేలిపోతుంది.

ఫాంటును మీ సర్వర్లోనే పెట్టుకుంటే వోఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంటు ఫైలు) రూపంలో పెట్టండి. సైజు తగ్గించడానికి కత్తిరించేటప్పుడు తెలుగు బ్లాకులోని 128 స్థానాలూ, వాటితో పాటు జీరో విడ్త్ నాన్ జాయినరూ (అక్షరాలను కలవనీయని, కనపడని గుర్తు) ఉంచాలి. లేఅవుట్ ఫీచర్ల (అక్షరాలను కలిపి వత్తులు చేసే ఫాంటు నియమాలు) జోలికి పోవద్దు. అవి పోతే అక్షరాలు మిగులుతాయి గానీ వత్తులు మిగలవు.

షాపు పేరు ఒక్కటీ పాత రాతలోనే ఉండనివ్వండి. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాలను కర్వ్స్ (గీతలు) చేసి, ఎస్‌వీజీగా (గీతలతో గీసే బొమ్మ ఫైలు) ఎగుమతి చేసి, ఆల్ట్ టెక్స్టులో (బొమ్మ బదులు చదివించే మాటలు) పేరు తెలుగులో రాయండి. ఎంత పెద్దది చేసినా పగలదు. అను ఫాంటునే వెబ్ ఫాంటుగా మార్చి ఎక్కించే ఆలోచన ఉంటే ముందు లైసెన్సు చదవండి.

అంగడిలెక్క:
అందం గురించి ఇంత మాట్లాడారు, కొనేవాళ్లు సైటుకు ఎట్ల వస్తరో ఎవరూ చెప్పలే. గోంగూర పచ్చడి కావాల్సిన తెలుగువాళ్లలో చాలామంది ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతరు. ఆవకాయకు ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. అందుకే ప్రతి సరుకు పేరూ రెండు లిపుల్లో టెక్స్టుగా ఉండాలె.

లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు లింకును కాపీ చేస్తే ఒక్కో గుర్తు 9 అక్షరాలైతది. "గోంగూర-పచ్చడి" అన్నది శాతం గుర్తులతో కలిపి 109 అక్షరాల తోక. వాట్సాప్‌లో పంపితే చూసినోళ్లు వైరస్ అనుకుంటరు.

ఎస్ఎంఎస్ పంపేటట్టుంటే ఇంకో లెక్క ఉంది. ఇంగ్లీషులో ఒక మెసేజికి 160 అక్షరాలు, యూనికోడ్ అయితే 70 మాత్రమే. "గుంటూరు" చూడ్డానికి మూడక్షరాలు, లెక్కకు 7. డీఎల్‌టీలో (ఎస్ఎంఎస్ నమూనాలు నమోదు చేసే వ్యవస్థ) టెంప్లేటు పెట్టేముందు లెక్కపెట్టుకోకుంటే ఒక మెసేజి ఖర్చు మూడింతలైతది.

ఇంకొకటి, అంతా తెలుగే అంటే చట్టం ఒప్పుకోదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలె. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు ఎమ్మార్పీ, నికర బరువు, తయారీదారు పేరు, చిరునామా సైటులో కూడా చూపాలె. వాటితోపాటే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు కూడా వేయండి.

ప్రింటుపంతులు:
అంగడిలెక్క గారు నా వాదననే బలపరిచారు. వెతికేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతుంటే, లింకూ చట్టపు వివరాలూ ఇంగ్లీషులోనే ఉంటే, తెలుగు టెక్స్టు కోసం వారం పని దేనికి? ఇంగ్లీషు టెక్స్టు పెట్టి, తెలుగును అందంగా బొమ్మలో చూపిస్తే సరిపోదా?

వెబ్‌కూలీ:
వెతకడం ఒకటే అయితే మీ మాట కాదనలేను. వచ్చాక చదవాలి కదండీ. నూనె ఏది, ఉప్పు ఎంత, వెల్లుల్లి వేశారా లేదా, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, అమెరికా పంపేటప్పుడు ప్యాకింగ్ ఎలా: ఇవన్నీ తెలుగులో అడిగేవాళ్లున్నారు. ఫోనుతో చదివించుకునేవాళ్లకు బొమ్మ పనికిరాదు. పేజీకి భాష తెలుగు అని లాంగ్ గుర్తు పెడితే తెలుగు గొంతు చదువుతుంది. వాయిస్‌తో వెతికినప్పుడు ఆ మాటలు చాలాసార్లు తెలుగు లిపిలోనే పడతాయి. డబ్ల్యూసీఏజీ (సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలనే) నియమాల్లో కూడా అక్షరాలను బొమ్మలుగా పెట్టొద్దనే ఉంది. లోగోకు మాత్రం మినహాయింపు.

కృష్ణాకాలువ:
షాపు పేరుకు ఎస్‌వీజీ, మిగతాది టెక్స్టు అనుకుందాం. 14 రకాల వివరణలూ అను ఫైల్లోనే ఉన్నాయి. మళ్లీ కొట్టకుండా దారి లేదా?

గుడిదీర్ఘం:
అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఫైలు ఏ అను వెర్షన్లో కొట్టారో కనుక్కుని, కన్వర్టర్లో అదే ఎంచుకోండి. మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే వాటినీ అను అనుకుని తెలుగు ముక్కలుగా మార్చేస్తుంది, అందుకని ముందే తీసి పక్కన పెట్టండి. తర్వాత వత్తులూ, ఐత్వాలూ, అంకెలూ ఒక్కొక్కటే సరిచూడాలి. 14 వివరణలకు ఒక పూట చాలు, వారం అక్కర్లేదు.

ఎక్సెల్‌లో సరుకుల జాబితా చేస్తే "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్న ఎంపికతోనే సేవ్ చేయండి. మామూలు సీఎస్‌వీ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. "ఆన్‌లైన్" లాంటి మాటల్లో కనపడని నాన్ జాయినర్ ఉంటుంది. అది ఉన్న మాటనూ లేని మాటనూ సైటు లోపలి వెతుకుడు పెట్టె వేర్వేరుగా చూడొచ్చు, రెండు రకాలా కొట్టి పరీక్షించండి.

ప్రింటుపంతులు:
సరే, సరుకుల పేజీ వరకూ ఒప్పుకుంటున్నా. సంక్రాంతి, ఉగాది బ్యానర్ల విషయంలో మాత్రం తగ్గను. వాట్సాప్‌లో చేతులు మారేది బొమ్మే. లింకుతో వచ్చే ప్రివ్యూకు 1200×630, 300 కేబీ లోపు. స్టేటస్‌కు వేరేగా 1080×1920, అందులో ధర 72 సైజుకు తగ్గకూడదు. పైనా కిందా 250 పిక్సెళ్లు ఖాళీగా వదలండి, లేకపోతే పేరూ బటన్లూ పచ్చడి జాడీ మీద పడతాయి.