‘బాణ కరము నయన’: కొన్నవెల ఎంత?

విశాఖ పూర్ణా మార్కెట్ బేరం ఒకటి ఆటవెలదిలో కట్టాను. లాభం నూటికెంతో చెప్పండి.

బాణ కరము నయన పైకమిచ్చి కొనెను
చంద్ర రసము నయన సంత నమ్మె
వంద కెంత మిగులు వచ్చెనో లెక్కించి
తెలుప గలరె మీరు తెలుగులార

— బాణాలు 5, కరాలు 2, నయనాలు 2. అంటే 522కి కొన్నాడు. చంద్రుడు 1, రసాలు 6, నయనాలు 2. 162కి అమ్మాడు. 360 నష్టం, దాదాపు 69 శాతం! మిగులంటారేటండి?

— అంకెలు సరిగ్గానే పట్టారండి, వరసే తిరగబడింది. భూతసంఖ్యల్లో, అంటే అంకెకు బదులు మాట వాడే ఈ పద్ధతిలో, మొదటి మాట ఒకట్ల స్థానం, రెండోది పదులు, మూడోది వందలు. ‘అంకానాం వామతో గతిః’, అంకెల నడక ఎడమవైపుకు, అన్నది అందుకే. కొన్నవెల 225, అమ్మినవెల 261, మిగులు 36. దాన్ని నూటితో హెచ్చించి 225తో భాగిస్తే సరిగ్గా 16 శాతం.

— నాకు 13.79 తేలింది.

— 261తో భాగించి ఉంటారు. లాభశాతం కట్టేది కొన్నవెల మీద.

— రసాలు తొమ్మిది కదండీ? అలాగైతే 291కి అమ్మినట్టు, లాభం 66.

— నవరసాలు కావ్యంలోవి. లెక్కలో రసమంటే రుచి, షడ్రసాలు, కాబట్టి 6. తొమ్మిది పెడితే శాతం 29.33 దగ్గర తెగకుండా సాగుతుంది. పొడుపు లెక్క కట్టినవాడు సాధారణంగా అలాంటి జవాబు పెట్టడు, అదీ ఒక ఆనవాలే.

— కటపయాదిలో చదవకూడదా?

— చదివి చూడండి. అక్కడ మాటకు కాదు, అక్షరానికి అంకె. బ 3, ణ 5, క 1, ర 2, మ 5, న 0, య 1, న 0. వెనకనుంచి చదివితే 10,52,153 రూపాయలు. పూర్ణా మార్కెట్‌లో అంత బేరమా!

— పావులూరి మల్లన లెక్కలూ ఇలాంటివేనా?

— పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడాయన. భూతసంఖ్యలు గణితానికే పరిమితం కాదు, శాసనాల్లో శకసంవత్సరాలూ ఇలాగే చెబుతారు. అలా తేలిన అంకెకు 78 కలిపితే దాదాపు మన క్రీస్తుశకం.

— నేనూ ఒకటి కట్టాలనుకుంటున్నాను. ఏ మాటలు వాడను?

— గగనం 0, అగ్ని 3, వేదం 4, గిరి 7, వసువు 8, ఇవి నిలకడైనవి. ‘దిక్కు’ జోలికి వెళ్లకండి, ఒకరు 10 అంటారు, ఇంకొకరు 8. ‘రుద్ర’ 11, ‘సూర్య’ 12 వాడితే ఒక్క మాటే రెండు స్థానాలు తినేస్తుంది. దాన్ని మాత్రం లోపల తిరగెయ్యకండి, 12ని 12గానే ఉంచాలి.