కొత్త వైఫై రౌటర్: ఏ వైరు ఎక్కడ పెట్టాలి, ఏ సెట్టింగ్ ముందు చేయాలి?

ప్రశ్న – నీలిలైటు

ఫైబర్ కనెక్షన్‌తో కంపెనీవాళ్ళు బిగించిన పెట్టెలోనే వైఫై ఉంది, కానీ లోపలి గదుల్లోకి సిగ్నల్ అందట్లేదు. అందుకని విడిగా ఒక డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండిట్లోనూ వైఫై ఇచ్చే) రౌటర్ తీసుకున్నాను. రౌటర్ పెట్టుకోవడం ఇదే మొదటిసారి. వెనక ఒక నీలం పోర్టు, నాలుగు పసుపు పోర్టులు ఉన్నాయి. పాత పెట్టె నుంచి వైరు తెచ్చి పసుపు పోర్టులో పెట్టాను. ఫోన్ కొత్త వైఫైకి కనెక్ట్ అవుతోంది కానీ నెట్ కాసేపు వస్తోంది, కాసేపు రావట్లేదు. 192.168.1.1 కొడితే పాత పెట్టె పేజీ తెరుచుకుంటోంది. ఏ క్రమంలో చేయాలో చెప్పగలరా?

జవాబు – ల్యాన్‌కేబుల్

చిక్కంతా ఆ పసుపు పోర్టుతోనే అండి. నీలం రంగుది వ్యాన్ పోర్టు, బయటి నెట్ అందులోంచే రావాలి. పసుపువి ల్యాన్ పోర్టులు, టీవీకీ కంప్యూటర్‌కీ వైరు ఇచ్చుకోవడానికి. (రంగులు అన్ని మోడళ్ళలో ఒకేలా ఉండవు, పోర్టు పక్కన రాసింది చూడండి.) మీరు ల్యాన్‌లో పెట్టేసరికి రెండు పెట్టెలూ ఒకే నెట్‌వర్క్‌లో పడ్డాయి. రెండింటి అడ్రసూ 192.168.1.1 అయినట్టుంది. పైగా మీ ఫోన్‌కి ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబరు) ఇవ్వడానికి రెండూ సిద్ధంగా ఉన్నాయి. ఏది ముందు జవాబిస్తే ఫోన్ దాన్నే నమ్ముతుంది. నెట్ వచ్చీ పోతూ ఉండటానికి కారణం అదే.

వైఫై సంగతి తర్వాత. ముందు వైరు మీద నెట్ రప్పించండి. అది వచ్చాక ఇంకేదైనా తేడా ఉంటే వైఫైలోనే ఉందని తేలిపోతుంది.

రెండింటికీ కరెంట్ తీసేయండి. పాత పెట్టె ల్యాన్ పోర్టు నుంచి కొత్తదాని వ్యాన్ పోర్టుకి వైరు పెట్టండి. పాతదాన్ని ముందు ఆన్ చేసి, లైట్లు నిలకడగా వెలిగాకే కొత్తదానికి కరెంట్ ఇవ్వండి. ల్యాప్‌టాప్‌ని పసుపు పోర్టుకి కలిపి, దాని వైఫై ఆపేయండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న వైఫై పేరుకి కనెక్ట్ అవ్వండి. లాగిన్ అడ్రస్ కూడా ఆ స్టిక్కర్ మీదే ఉంటుంది. దాన్ని బ్రౌజర్ పైన అడ్రస్ గడిలో కొట్టండి, సెర్చ్ గడిలో కాదు.

లోపలికి వెళ్ళగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రెండూ వేరువేరుగా ఉండాలి. తర్వాత ఇంటర్నెట్ లేదా వ్యాన్ పేజీలో కనెక్షన్ రకం 'డైనమిక్ ఐపీ' (పాత పెట్టె ఇచ్చే ఐపీనే తీసుకోవడం) పెట్టండి. ల్యాన్ అడ్రస్ 192.168.2.1కి మార్చండి. రెండు వైపులా 192.168.1 అనే ఉంటే, ఏ ప్యాకెట్ (డేటా ముక్క) లోపలికి, ఏది బయటికి అన్నది రౌటర్‌కి తెలియదు. కొన్ని మోడళ్ళు దీన్ని వాటంతటవే మార్చుకుంటాయి. సేవ్ చేశాక పేజీ ఆగిపోతుంది, కంగారు పడొద్దు. ల్యాప్‌టాప్ వైరు తీసి మళ్ళీ పెట్టి కొత్త అడ్రస్ కొట్టండి.

ఇప్పుడు స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. 0.0.0.0 అని ఉంటే పాత పెట్టె నుంచి ఏమీ రాలేదు, వైరు చూసుకోవాలి. 192.168.1 తో మొదలైతే వచ్చినట్టే. ల్యాప్‌టాప్‌కి 169.254 తో మొదలయ్యే అడ్రస్ ఉంటే, దానికి రౌటర్ ఐపీ ఇవ్వలేదు, అది తనంతట తానే పెట్టుకుంది.

పాత పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లోకి (అది రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా కొత్తదానికి పంపేలా) మార్పిస్తే మాత్రం డైనమిక్ ఐపీ బదులు చాలాచోట్ల పీపీపీఓఈ (కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలి, ఒక్కోసారి వీల్యాన్ నంబర్ (కంపెనీ తన లైన్‌లో ట్రాఫిక్‌ని వేరు చేసే నంబరు) కూడా. అవి కంపెనీవాళ్ళే ఇవ్వాలి, ఊహించి కొడితే కుదరదు.

జవాబు – గోడవెనకసిగ్నల్

పై జవాబులో తప్పేమీ లేదు. కానీ లోపలి గదులకి సిగ్నల్ కోసమే అయితే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఎందుకండీ? అలా పెడితే లోపలి ఐపీలని బయటి ఐపీగా మార్చే పని (నాట్) రెండుసార్లు జరుగుతుంది, దాన్ని డబుల్ నాట్ అంటారు. బ్రౌజింగ్‌కి ఇబ్బంది ఉండదు కానీ పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని ఇంట్లో ఒక పరికరానికి మళ్ళించడం) రెండు చోట్లా చేయాలి, కొన్ని గేమ్‌లు మొరాయిస్తాయి. పాత వైఫై మీదున్న ప్రింటర్ కొత్త వైఫై మీదున్న ఫోన్‌కి దొరకదు.

సెట్టింగ్‌లలో 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉందేమో చూడండి. అది పెడితే ఐపీలు పంచే పని పాత పెట్టెదే, కొత్తది వైఫై మాత్రమే ఇస్తుంది. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్. మోడ్ మారాక కొత్తదాని అడ్రస్ కూడా మారుతుంది, పాత పెట్టెలో కనెక్టైన పరికరాల జాబితాలో కనబడుతుంది.

ఆ మోడ్ లేకపోతే చేత్తో చేయొచ్చు. పాతదానికి వెళ్ళే వైరు తీసేసి, కొత్తదాని ల్యాన్ అడ్రస్‌ని 192.168.1 వరసలోనే, పాత పెట్టె పంచే పరిధి బయట ఖాళీగా ఉన్న అంకెకి మార్చండి. అది 100 నుంచి 200 దాకా పంచుతుంటే 192.168.1.2 పెట్టుకోవచ్చు. తర్వాత కొత్తదాంట్లో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆపేసి, అప్పుడు వైరు పసుపు పోర్టులో పెట్టండి. పసుపు పోర్టు సరైన చోటు అయ్యేది ఈ పద్ధతిలోనే.

జవాబు – ఛానల్ఆరు

వైఫై సెట్టింగ్‌ల గురించి నేను చెబుతాను. ముందు ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, మధ్యలో కరెంట్ తీయొద్దు.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ 1, 6, 11లో ఏదో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడవు. ఛానల్ 3 పెడితే 1లో ఉన్నవాళ్ళతోనూ 6లో ఉన్నవాళ్ళతోనూ గొడవే. పాత పెట్టె వైఫై కూడా ఉంచుతారా? అది 1లో ఉంటే కొత్తది 11లో పెట్టండి. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 లోపు ఛానల్, వెడల్పు 80. ఛానల్ 52 నుంచి 144 దాకా చాలా దేశాల్లో రాడార్లతో పంచుకునేవి. అందుకే రౌటర్ ముందు కనీసం 60 సెకన్లు విని, రాడార్ లేదని తేలాకే సిగ్నల్ ఇస్తుంది. రీస్టార్ట్ చేశాక 5 గిగాహెర్ట్జ్ పేరు కాసేపు కనబడకపోతే అది పాడైనట్టు కాదు.

సెక్యూరిటీలో (వైఫైకి తాళం వేసే పద్ధతి) డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నది పెట్టండి, ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్. టీకేఐపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పెడితే స్పీడు 54 ఎంబీపీఎస్ దాటదు. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాలు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ అయ్యే సదుపాయం) తప్పకుండా ఆపేయండి. దాని పిన్ 8 అంకెలే అయినా రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టేదే. కాబట్టి గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. 2011లోనే ఇది బయటపడింది.

వైఫై పేరు తెలుగులో పెట్టుకోవచ్చు కానీ హద్దు 32 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతం గుర్తుకి కూడా, 3 బైట్లు పడతాయి. పెద్ద పేరు పట్టదు.

రౌటర్‌ని టీవీ వెనక, బీరువాలో, ఫ్రిజ్ పక్కన పెట్టకండి. మనిషి తల అంత ఎత్తులో, ఖాళీగా ఉన్న చోట పెట్టండి. యాంటెన్నా నిలువుగా ఉంటే సిగ్నల్ చుట్టూ పక్కలకి పోతుంది, కొన వైపు బలహీనంగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు – నీలిలైటు

అందరికీ ధన్యవాదాలు. యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టాను, నెట్ నిలకడగా ఉంది. మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్. పాత పెట్టె వైఫై పక్కనే నిలబడి చూస్తే 280 వస్తోంది. కొత్తదాంట్లో వైరు మీదా వైఫై మీదా 94 దాటట్లేదు. ఇంకో సంగతి, స్మార్ట్ బల్బు కనెక్ట్ కావట్లేదు.

జవాబు – ల్యాన్‌కేబుల్

94 దగ్గర ఆగిందంటే ఎక్కడో లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) కేబుల్‌లోని 8 తీగలూ కావాలి, 100కి 4 చాలు. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగినా, పిన్ సరిగా తగలకపోయినా లింక్ 100కి దిగిపోవచ్చు. వైఫై మీద కూడా 94 వస్తోంది కాబట్టి ముందు రెండు పెట్టెల మధ్య వైరునే అనుమానించండి. క్యాట్5ఈ లేదా క్యాట్6 (గిగాబిట్ మోసే రకాలు) వైరు వేసి చూడండి. అప్పటికీ మారకపోతే పాత పెట్టెలో వేరే ల్యాన్ పోర్టుకి మార్చండి. కొన్ని పెట్టెల్లో ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటుంది.

స్మార్ట్ బల్బులు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుంటాయి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే, బల్బు కలిపేంతసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపి చూడండి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే బల్బుకి అర్థం కాకపోవచ్చు, డబ్ల్యూపీఏ2 కూడా ఉండాలి.